ముహూర్తం తప్పిన రజతోత్సవం

హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి నాంపల్లిలో దిగితే పబ్లిక్ గార్డెన్స్ నడకదూరం. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆ తోటలోని జూబిలీ హాలు ముందు నుంచి ఎన్నోసార్లు నడిచాను కానీ, ఆ జూబిలీ ఎవరిదన్న ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు. జూబిలీ హిల్స్ అనీ, జూబిలీ బస్ స్టేషన్ అనీ రోజూ పలికే మాటే కదా! చిన్ననాటి తపాలా బిళ్ళల పుస్తకం మొన్న అటక మీద నుంచి దింపినప్పుడు, అందులో ఇదే భవనం బొమ్మ కనిపించింది. అప్పుడు గానీ ఆరా తీయాలనిపించలేదు.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టు 29న. వేళ్ళు మడిచి లెక్కిస్తే పాతికేళ్ళు నిండేది 1936 ఆగస్టులో. హిజ్రీ చాంద్రమానాన్ని పట్టి లెక్కిస్తే ఇంకా ముందే, 1935 చివరికే నిండిపోతాయి. ఉత్సవాలు జరిగింది మాత్రం 1937 ఫిబ్రవరిలో. అంటే ఏ లెక్క ప్రకారం చూసినా ఆలస్యమే. పంచాంగాలలో ఎక్కడా పొరపాటు లేదు. 1936 జనవరి 20న లండనులో అయిదవ జార్జి చక్రవర్తి మరణించాడు. సార్వభౌముడు పోయిన మైలలో సామంతుడు పండుగ చేసుకోరాదు. అందుకని ఆ ఏడాది జరగవలసిన వేడుకలు వాయిదా పడ్డాయి.

ఈ ఇద్దరి పాలనలూ ఇంచుమించు జంటగా నడిచినవే. ఉస్మాన్ అలీ ఖాన్ నిజామైన మూడున్నర నెలలకే, 1911 డిసెంబరులో, ఢిల్లీ దర్బారుకు వెళ్ళి అయిదవ జార్జికి వందనం సమర్పించాడు. ఆ జార్జి తన రజతోత్సవాన్ని 1935 మేలో సకాలంలో జరుపుకున్నాడు. నిజాముకు ఆ భాగ్యం లేకపోయింది. 1937 ఫిబ్రవరి 22 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఈయన బొమ్మ వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. అంతటి ధనవంతుడికీ సొంత పండుగకు సొంత ముహూర్తం లేదు. ఆయన మీద జాలి పుట్టి చెబుతున్న మాట కాదిది. ఆ రాజ్యం ఎంత స్వతంత్రమో తెలియడానికి ఈ ఒక్క వాయిదా చాలునని నాకనిపిస్తుంది.

ఇక బిళ్ళల సంగతి. 1937 ఫిబ్రవరి 13న హైదరాబాదు సంస్థానం నాలుగు రజతోత్సవ బిళ్ళలు విడుదల చేసింది. నాలుగు పైల దాని మీద యునానీ ఆసుపత్రి, ఎనిమిది పైల దాని మీద ఉస్మానియా ఆసుపత్రి, అణా బిళ్ళ మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం, రెండణాల దాని మీద మన జూబిలీ హాలు. నా దగ్గరున్నవి ఎనిమిది పైలదీ, రెండణాలదీ. నాలుగింటిలో ఎక్కడా రాజుగారి మొహం లేదు. బ్రిటిషిండియా బిళ్ళ ఏది చూసినా కిరీటం తలే కనిపించే ఆ రోజుల్లో, ఇక్కడ కట్టడాలే రాజు తరఫున మాట్లాడాయి. ఆ కట్టడాలు అబద్ధం కాదు. 1908 మూసీ వరద తరువాత ఊరిని కాపాడిన ఉస్మాన్ సాగర్, ఇందూరు పొలాలకు నీరిచ్చిన నిజాం సాగర్ కూడా ఆ పాతికేళ్ళలోనివే. కాదనే హక్కు, ఆ నీళ్ళు తాగిన ఊళ్ళో ఉంటున్న నాకు లేదు.

అయితే ఆ అణా బిళ్ళ దగ్గర నా మనసు కొంచెం ఆగుతుంది. 1918లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. దేశభాషలో పై చదువులు చెప్పించడం నిస్సందేహంగా గొప్ప సాహసమే. కానీ సంస్థానంలో దాదాపు సగం మంది మాట్లాడే భాష తెలుగు. 1921లో ఇదే నగరంలో, వివేకవర్ధిని సభలో, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి మూడువందల యాభైనలుగురు కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో అచ్చువేశాడు. అంటే రజతోత్సవానికి మూడేళ్ళ ముందు. నన్నడిగితే ఆ పాతికేళ్ళ చరిత్రలో ఆ సంచికకు కూడా ఒక బిళ్ళ దక్కాలి.

మరొకటి. 1929లో వచ్చిన గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయం గురించి మాట్లాడుకోవాలన్నా ముందుగా అర్జీ పెట్టుకోవలసిందే. 1936లో షాద్‌నగర్‌లోనూ, 1937లో నిజామాబాదులోనూ ఆంధ్ర మహాసభ సమావేశమైంది ఆ నీడలోనే. సంబరానికి జనం కావాలి, సభకు జనం చేరితే అనుమానం. పండుగకు రాజు లండను వైపు చూశాడు, సభకు ప్రజ రాజు వైపు చూసింది.

ఉత్సవంలో వచ్చిన కానుకలు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నాయి. ఆనాటి సింహాసనం, నగరంలోని భవనాలకు వెండితో చేసిన నమూనాలు, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా. ఈ డబ్బా 2018 సెప్టెంబరులో దొంగల పాలై, కొద్ది రోజులకే పోలీసులకు చిక్కి తిరిగొచ్చింది. నిజాముగారు ఆ డబ్బాలో ఎన్నడైనా తిన్నారో లేదో!

ఆ రాజ్యం 1948 సెప్టెంబరు 17న ముగిసింది. 2022లో అదే తేదీన, జాతీయ సమైక్యతా దినమన్న పేరుతో, రాష్ట్ర ప్రభుత్వం జెండా ఎగరవేసింది ఇదే పబ్లిక్ గార్డెన్స్‌లో.

ఇక మా హఫీజ్‌పేట్. ఇది ఒకప్పుడు పాయిగా జాగీరు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పంపకాల కోసం ఖుర్షీద్ జా పాయిగా వారసులు హైకోర్టుకెక్కిన 1958 నాటి పద్నాలుగో నంబరు దావాలో ఈ ఊరి భూములూ ఉన్నాయి. ఆ దావా రజతోత్సవమే కాదు, స్వర్ణోత్సవమూ దాటేసింది. మా వీధిలో స్థలం కొనదలచినవారు ఇప్పటికీ ముందుగా అడిగేది ఆ నంబరు గురించే.