తాతల నాటి ఊరు.. అంతర్జాలంలో ఆధారాలు
* వంశచరిత్ర ముచ్చటే కాదు, సాక్ష్యం కూడా
* గోదావరికి అటు ఒక రికార్డు, ఇటు ఒక రికార్డు
* ఏ వెబ్‌సైటులో ఏది దొరుకుతుంది? ఏది దొరకదు?

జూలూరుపాడు: ముత్తాత పేరు చెప్పగలిగినవారు నేడు ప్రతి ఇంటా ఉండరు. పేరు తెలిసినా ఆయన ఏ ఊరి నుంచి, ఏ కాలంలో ఇక్కడికి వచ్చారో తెలియదు. అడవి అంచున ఉన్న మండలాల్లో ఈ సమాచారం కుటుంబ గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అటవీ హక్కుల గుర్తింపు చట్టం-2006 నియమావళిలోని 13వ నియమం ఏయే ఆధారాలను పరిశీలించవచ్చో వివరించింది. పాత రికార్డులలో పేరు ఉన్న వ్యక్తి వరకు వంశక్రమాన్ని చూపే వంశవృక్షాన్ని కూడా అందులో చేర్చింది. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సంస్థానాల కాలపు పటాలు, శ్మశానాలు, పాత బావులు, దేవతా స్థలాలు, పెద్దల లిఖితపూర్వక వాంగ్మూలం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వీటిలో కొన్ని ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నాయి. ఎక్కడ వెదకాలో తెలియకపోవడమే చిక్కు.

ముందు ఏలుబడి తెలియాలి

జూలూరుపాడు మండలం 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. అంతకుముందు ఖమ్మం జిల్లా. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతమంతా నిజాం రాజ్యంలోని వరంగల్లు జిల్లా. మండలాలు 1985లో ఏర్పడ్డాయి కనుక పాత పుస్తకాలలో 'జూలూరుపాడు మండలం' అని వెదికితే ఫలితం ఉండదు. ఇల్లెందు, పాల్వంచ తాలూకాల జాబితాలు రెండింటినీ చూడాలి.

గోదావరికి అవతలి గట్టు కథ వేరు. 1860 ఒప్పందంతో నిజాం ఆ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు వదులుకున్నారు. భద్రాచలం కొంతకాలం మధ్య పరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. 1925లో ఆ జిల్లాను విభజించినప్పుడు తూర్పు గోదావరి కిందికి వెళ్లింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. ఒకే కుటుంబంలో అన్న ఇవతల, తమ్ముడు అవతల స్థిరపడి ఉంటే అన్నగారి రికార్డు ఉర్దూలోను, తమ్ముడిది ఇంగ్లీషు, తెలుగులలోను ఉండవచ్చు. ఒకరిది హైదరాబాదులో వెదకాలి, మరొకరిది మద్రాసు రాజధాని రికార్డులలో వెదకాలి. వెదుకులాటకు ఇదే మొదటి మెట్టు.

గెజిటీర్లు, జనాభా లెక్కలు

ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా సంపుటాలు చికాగో విశ్వవిద్యాలయం నిర్వహించే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో పూర్తిగా ఉన్నాయి. వాటిలో ఇల్లెందు 'ఎల్లందలపాడు' అనే పేరుతో కనిపిస్తుంది. భద్రాచలం వైపు వారికి హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా వివరణ, హెమింగ్వే 1907లో కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరు ఉపయోగపడతాయి. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాలపై 1870 దశకంలో 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో వ్యాసాలు రాశారు. ఇటువంటి పాత గ్రంథాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తాయి. భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాన్ చేసిన తెలుగు, ఉర్దూ పుస్తకాలనూ అక్కడే చదవవచ్చు.

జనాభా లెక్కల శాఖ వెబ్‌సైటులోని డిజిటల్ గ్రంథాలయంలో పాత నివేదికలు ఉన్నాయి. నిజాం రాజ్యంలో తొలి జనాభా లెక్కలు 1881లో జరిగాయి. గ్రామాలవారీ వివరాలకు మాత్రం 1951 నుంచి వెలువడిన జిల్లా జనాభా లెక్కల చేతిపుస్తకాలు ముఖ్యం. 1951 నాటి సమాచారాన్ని వరంగల్లు జిల్లా కింద, 1961 నుంచి ఖమ్మం జిల్లా కింద చూడాలి. ఊరు పేరు, విస్తీర్ణం, ఇళ్లు, జనసంఖ్య వీటిలో తెలుస్తాయి. వ్యక్తుల పేర్లు మాత్రం దొరకవు. వ్యక్తిగత వివరాలను గోప్యంగా ఉంచాలని జనాభా లెక్కల చట్టం-1948 నిర్దేశిస్తోంది. 'జనాభా లెక్కల్లో మీ తాత పేరు తీసి ఇస్తాం' అని ఎవరైనా సొమ్ము అడిగితే నమ్మరాదు.

భూమి కాగితాలు

కుటుంబ చరిత్రకు మన ప్రాంతంలో అన్నింటికన్న బలమైన ఆధారం భూమి రికార్డు. తొలి సర్వే, బందోబస్తు సమయంలో తయారైన సేత్వారులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు ఉంటాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారుతో పాటు సాగులో ఉన్న వ్యక్తి పేరు కూడా నమోదైంది. 1955-58 మధ్య మూడేళ్లకు రాసినది చేసాల పహాణీ. తాత పేరు ఒక దానిలో, తండ్రి పేరు మరొక దానిలో కనిపిస్తే రెండు తరాలు కలిసినట్లే.

ఇవి అంతర్జాలంలో సులువుగా దొరుకుతాయని భావించరాదు. 2020లో వచ్చిన ధరణి, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి పోర్టల్ ప్రధానంగా నేటి హక్కుదారుల వివరాలకు ఉద్దేశించినవి. అయినా అక్కడ సర్వే నంబరు తెలుసుకుంటే పాత పహాణీ నకలు కోసం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయడం తేలిక. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన క్రయవిక్రయాల వివరాలను ఈసీ రూపంలో చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయిన మండలాల భూములకు ఆ రాష్ట్ర 'మీభూమి' పోర్టల్ చూడాలి.

1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యే వరకు గ్రామ లెక్కలు పట్వారీల చేతిలో ఉండేవి. అందువల్ల ఒకే ఊరిలో కొన్ని ఏళ్ల పహాణీ దొరికి, కొన్ని ఏళ్లది దొరకకపోవచ్చు. అటువంటప్పుడు సమాచార హక్కు చట్టం-2005 కింద 'ఫలానా ఊరు, ఫలానా సర్వే నంబరు, ఫలానా సంవత్సరం' అని స్పష్టంగా అడగాలి. 'మా తాతగారి భూమి వివరాలు' అని అడిగితే జవాబు రావడం కష్టం.

ఏజెన్సీ గ్రామాలకు మరో పత్రం కీలకం. హైదరాబాదు రాష్ట్రంలో షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో పాల్వంచ, ఇల్లెందు తాలూకాల గ్రామాల పేర్లు ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూ బదలాయింపును నిషేధించే 1/70 నిబంధన ఏ గ్రామానికి వర్తిస్తుందన్న వివాదం వచ్చినప్పుడు ఈ జాబితాయే ఆధారం. ఊరి పాత పేరును ఇందులో సరిచూసుకోవాలి.

గూడేలు, తండాలు

కోయలు, లంబాడీల గురించి పాత ఇంగ్లీషు పుస్తకాలు కొంత చెబుతాయి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో నాలుగో సంపుటం చూడాలి. కోయలు 'కోయి' అనే శీర్షిక కింద, లంబాడీలు 'లంబాడి' అనే శీర్షిక కింద ఉన్నారు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఇది ఉచితం. నిజాం రాజ్యానికి సంబంధించి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ఇటువంటి గ్రంథమే ప్రచురించారు. ఇవి బయటివారు రాసినవి. ఆనాటి దురభిప్రాయాలు వీటిలో ఉన్నాయి. ఆచారాలు, ఇంటిపేర్లు, వలసల ప్రస్తావనలను మాత్రం తీసుకొని పెద్దలతో సరిచూసుకోవడం ఉత్తమం.

హైమెండార్ఫ్ 1940 దశకంలో నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాలలో సలహాదారుగా పనిచేశారు. పాల్వంచ సంస్థానంలోని కొండరెడ్లపై ఆయన గ్రంథం 1945లో వెలువడింది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థ డిజిటల్ సేకరణలలో ఉన్నాయి.

పుస్తకాలకన్న పాత రికార్డు గాయకుల నోట ఉన్నది. కోయల గట్టు, ఇంటిపేర్లు, పూర్వీకుల గాథలను డోలి కోయలు వంశపారంపర్యంగా గానం చేస్తారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు ఈ కళకే 2022లో పద్మశ్రీ లభించింది. ఆయన 2024లో కన్నుమూశారు. లంబాడీలకు కూడా వంశగాథలు చెప్పే భాట్‌లు ఉన్నారు. ఇటువంటి వారు గానం చేసినప్పుడు సెల్‌ఫోనులో రికార్డు చేసి, తేదీ, స్థలం, గాయకుని పేరు రాసి ఉంచితే రేపటికి అదే ఆధారం అవుతుంది.

పటాలు, ఉపగ్రహ చిత్రాలు

ఊరు చోటు మారిన సందర్భాలు అడవి ప్రాంతంలో అరుదు కావు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1950 దశకం నాటి భారతదేశ పటాలను ఉచితంగా ఉంచింది. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్, ఇస్రో వారి భువన్ కూడా ఉపయోగకరం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైటులో 1972 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. 2005 నాటికి ఒక చోట సాగు ఉన్నదో లేదో చూడటానికి ఇవి తోడ్పడతాయి. అయితే ఉపగ్రహ చిత్రం ఇతర ఆధారాలకు అనుబంధమే తప్ప వాటికి ప్రత్యామ్నాయం కాదని 2012లో సవరించిన నియమాలు చెబుతున్నాయి. చిత్రంలో పొలం కనిపించలేదన్న ఒక్క మాటతో మిగిలిన సాక్ష్యాలు చెల్లకుండా పోవు.

ఉర్దూ రాత, ఫసలీ లెక్క

నిజాం కాలపు రికార్డులలో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1340 ఫసలీ అంటే 1930-31. నిజాం ఫసలీ అక్టోబరు తొలి వారంలో ఆజూరు నెలతో మొదలవుతుంది. చేతిరాత ఉర్దూను సెల్‌ఫోను అనువాద యాప్‌లు సరిగా చదవలేవు. ఆ లిపి తెలిసిన పెద్దల సాయం తీసుకోవాలి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఈ రికార్డులకు ప్రధాన నిలయం. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ వారి 'అభిలేఖ్ పటల్' పోర్టల్‌లో హైదరాబాదు రెసిడెన్సీ రికార్డుల సూచికను వెదకవచ్చు.

పేరు ఒకే తీరుగా ఉండదు. జూలూరుపాడును 'జూలూర్‌పాడ్' అని, పాల్వంచను 'పలోంచ' అని, ఖమ్మంను 'ఖమ్మంమెట్టు' అని కూడా వెదకాలి. భూక్యా, బుక్యా.. బానోత్, బాణోతు వంటి ఇంటిపేర్లను అన్ని రూపాలలోనూ చూడాలి.

హక్కు పత్రానికి ఎలా పనికివస్తుంది?

గిరిజనులు 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమి తమ స్వాధీనంలో ఉన్నట్లు చూపాలి. ఇతర సంప్రదాయ అటవీ నివాసులు అంతకుముందు 75 సంవత్సరాలుగా, అంటే మూడు తరాలుగా అడవిలోనే నివసిస్తూ దానిపై ఆధారపడినట్లు చూపాలి. 2005 నుంచి 75 ఏళ్లు వెనక్కి వెళితే 1930 వస్తుంది. అది నిజాం కాలం, 1340 ఫసలీ. తాత ఆ నాటికే ఇక్కడ ఉన్నాడని చెప్పడానికి పుస్తకంలో ఊరి పేరు ఒక ఆధారం, పెద్దల వాంగ్మూలం మరొకటి, వంశవృక్షం ఈ రెండింటినీ కలిపే ముడి. ఒకటికన్న ఎక్కువ ఆధారాలను పరిశీలించాలని నియమావళి చెబుతోంది. ఫలానా కాగితమే తేవాలని అధికారులు పట్టుబట్టరాదని కూడా అందులోనే ఉన్నది. తెలంగాణలో 2023 జూన్ నెలాఖరున పోడు పట్టాల పంపిణీ మొదలైంది. తిరస్కరణకు గురైనవారు కారణాన్ని లిఖితపూర్వకంగా తీసుకొని, లోటున్న ఆధారాన్ని సమకూర్చుకోవాలి.

ఇలా మొదలుపెట్టండి

* ఇంట్లో అందరికన్న పెద్దవారిని ముందుగా అడగాలి. పుట్టిన ఊరు, తల్లి పుట్టిల్లు, కరవు లేదా వరద వచ్చిన ఏడు, తొలిసారి పన్ను కట్టిన ఊరు రాసుకోవాలి.
* పాత రసీదులు, అటవీ శాఖ జరిమానా చీటీలు, రేషన్ కార్డులు, బడి ప్రవేశ రిజిస్టరు నకళ్లు ఫొటో తీసి భద్రపరచాలి. జరిమానా చీటీ కూడా ఆ రోజు ఆ మనిషి అక్కడ ఉన్నాడనడానికి ఆధారమే.
* ఓటరు జాబితాలు వెదికేటప్పుడు వైరా శాసనసభ నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచే ఉన్నదని గుర్తుంచుకోవాలి. అంతకుముందు జాబితాలు వేరే నియోజకవర్గం పేరుతో ఉంటాయి.
* ఫ్యామిలీ సెర్చ్ వంటి ఉచిత వెబ్‌సైట్లలో వంశవృక్షం గీసుకోవచ్చు. బతికి ఉన్నవారి పుట్టిన తేదీ, ఆధార్ సంఖ్య, ఫోను నంబరు అందులో పెట్టరాదు.
* ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే వంశం కాదు. ప్రతి పేరు పక్కన అది ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో రాయాలి. ఆధారం లేని పేరును పెన్సిలుతో రాసుకొని, రుజువైన తరువాతే సిరాతో రాయడం మంచిది.

అంతర్జాలంలో ఉన్న పుస్తకాలు, పటాలు మరో పదేళ్లకైనా దొరుకుతాయి. పాత ఊరి పేరు, శ్మశానం ఉన్న చోటు, తొలి గుడిసె వేసిన మనిషి పేరు మాత్రం పెద్దల జ్ఞాపకంలోనే ఉన్నాయి. కంప్యూటరు ముందు కూర్చునే ముందు వారి దగ్గర కూర్చోవడం అవసరం. వారు చెప్పింది రాసి, గ్రామసభలో నమోదు చేయిస్తే అది నియమావళి అంగీకరించే సాక్ష్యం అవుతుంది.