చిగురుపన్ను నుంచి బొంగు చికెన్ దాకా

భద్రాచలం స్థలపురాణం ప్రకారం రాముడికి అందిన తొలి నైవేద్యం పులిహోర కాదు, దద్ధోజనం కాదు, తాటిపండు. భద్రిరెడ్డిపాలెం కోయ స్త్రీ పోకల దమ్మక్క పుట్టలో విగ్రహాలను చూసి, పైన పందిరి వేసి, అడవిలో దొరికిన తాటిపండు పెట్టి కొలిచిందంటారు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గుడి కట్టించడం ఆ తర్వాతి కథ. అంటే ఈ ఊరి చరిత్ర మొదలైందే అడవి తిండితో. అయినా శ్రీరామనవమికి వచ్చే వేలాదిమంది భక్తులు ఆ తిండి మొహం చూడకుండానే తిరుగు బస్సు ఎక్కుతారు.

ఈ మధ్య ప్రపంచమంతటా వంటల కోసమే అధ్యయన యాత్రలు జరుగుతున్నాయి. చైనాలో యునాన్ రాష్ట్రానికి వెళ్లే బృందాలు సిష్వాంగ్‌బన్నాలో దాయి తెగవారు వెదురు బొంగులో వండే అన్నం తిని, అక్కడి కొండల వెంట ఒక్కో తెగ వంటను వేరువేరుగా తెలుసుకుంటాయి. అదే రాష్ట్రపు పడమటి కొండల్లో జీలుగు జాతి చెట్టు మానును దంచి పిండి తీసి తినే ఆచారం కూడా ఉంది. బొంగులో వంటా, ఆ జాతి చెట్టూ గోదావరి గట్టున మన పాపికొండల్లోనూ ఉన్నాయి. యాత్ర చేయదగిన వంట ఇక్కడా ఉంది. అయితే దాన్ని అర్థం చేసుకోవాలంటే రుచి ఒక్కటే చాలదు, పన్నుల చరిత్ర కూడా చదవాలి.

ముందు జీలుగు సంగతి. ఆ కొండల ఆదివాసీలైన కొండరెడ్లకు ఈ చెట్టు సగం సంసారం. ఏళ్ల తరబడి పెరిగి, ఒక వయసుకు వచ్చాక పైనుంచి కిందికి వరుసగా గెలలు వేస్తుంది. చివరి గెలతో చెట్టు బతుకు ముగుస్తుంది. గెల కోసి కుండ కడితే తియ్యటి కల్లు దిగుతుంది. తాటి కల్లు కంటే ఎక్కువగా, పొద్దునా సాయంత్రమూ కారుతుంది. సొరకాయ బుర్రల్లో ఇంటికి తెచ్చుకుని ఇంటిల్లిపాదీ తాగుతారు. గాదెలో గింజ అడుగంటే నెలల్లో కొన్ని కుటుంబాలకు కడుపు నింపేది ఆ కల్లే. కరువు ముదిరితే చెట్టునే కొట్టేవారు. మాను చీల్చి లోపలి గుజ్జు తీసి, ఎండబెట్టి, దంచి, జల్లించిన పిండితో జావ కాచేవారు. మామిడి టెంకల జీడి కూడా అలాంటిదే. దంచి, చేదు పోయేదాకా నీళ్లలో నానబెట్టి, అంబలి చేసుకునేవారు. ఈ పని ఓపికగా చేయాలి. నిలవలో పాడైన పిండి ప్రాణం తీస్తుంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్‌లో టెంకల అంబలి తిన్నవారు చనిపోయినప్పుడు ఆ తిండి గురించి దేశమంతా మాట్లాడింది.

కొండరెడ్ల బతుకును దగ్గరగా చూసి రాసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియాలో పుట్టిన ఆయన చేతిలో రెండో ప్రపంచ యుద్ధం నాటికి జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో నిజాం రాజ్యం దాటి వెళ్లడానికి వీల్లేకపోయింది. ఆ నిర్బంధం మనకు మేలే చేసింది. మొదట చెంచుల దగ్గరా, తర్వాత గోదావరి గట్టున కోయిద చుట్టుపక్కల రెడ్ల దగ్గరా ఉండి, 1945లో రెడ్ల మీద పుస్తకం ప్రచురించాడు. అడవి తిండి ఎలా దొరుకుతుందో, ఎలా వండుతారో రాసి ఊరుకోలేదు. వెదురు, కలప వ్యాపారులు కొండరెడ్లను అప్పులో ఇరికించి కూలికి కట్టేసుకున్న తీరునూ రాశాడు. నిజానికి ఆ రెండూ ఒకే కథ. వెదురు నరకడానికి వెళ్లినవాడు పోడు, అంటే అడవి కొట్టి విత్తే సేద్యం, చూసుకోలేడు. పోడు పోతే సామలూ కొర్రలూ పోయి, మిగిలేది షావుకారు ఇచ్చిన బియ్యం.

అంతకు అరవై ఏళ్ల ముందే ఈ కొండలు కల్లు కోసం భగ్గుమన్నాయి. ఇంటి అవసరానికి చెట్టు గీసుకోవడం కొండవాళ్లకు తరతరాల హక్కు. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ చట్టంతో దాన్ని తీసేసి, కల్లు రాబడిని గుత్తేదార్లకు అప్పగించింది. ఈ కొండల్లోని రంప ప్రాంతాన్ని ఏలే మున్సబుదారు కల్లు మీద చిగురుపన్ను పేరుతో సొంత వసూళ్లు చేశాడు. 1879 మార్చిలో రంప తిరగబడింది. పోలీసు ఠాణాల మీద పడ్డవారి కోపానికి ఇతర కారణాలూ ఉన్నాయి, కానీ తాగే కుండ మీద పన్ను వేసిన రోజే ఆ తిరుగుబాటు ఖాయమైంది.

అదే ఏడాది మంట భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. అక్కడి కారణం పోడు. 1860లో నిజాం బ్రిటిష్ వారికి ఇచ్చిన ఈ ఎడమ గట్టు తాలూకాలు మొదట మధ్య పరగణాల కింద ఉండేవి. అప్పట్లో గొడ్డలికి ఇంత అని నామమాత్రపు శిస్తు కట్టి అడవి కొట్టి విత్తుకునేవారు. 1874లో మద్రాసు కిందికి వచ్చాక శిస్తు దాదాపు మూడింతలైంది, కొన్నిచోట్ల గొడ్డలే పెట్టకూడదన్నారు. పోడంటే జొన్న, సామ, కొర్ర, కంది, చిక్కుడు, గుమ్మడి ఒకే చెలకలో కలిసి పండే పంట. దాన్ని ఆపితే కుండలోకి చేరే గింజలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

ఇదే అడవి 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో మళ్లీ చీలింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో, చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో.

ఎన్ని పాలనలు మారినా పండుగల క్యాలెండర్ మాత్రం ఆకలిని చూసుకునే నడిచింది. కోయ గూడేల్లో విత్తనాల పండుగ, చిక్కుడుకాయ పండుగ, కొత్తల పండుగ, మామిడి పండుగ వస్తాయి. దేవతకు పెట్టనిదే కొత్త కాయ నోట పెట్టుకోరు. కాయ ముదిరేదాకా, గింజ పండేదాకా అడవిని కాపాడింది ఈ కట్టుబాటే. ఎండలు ముదరక ముందు వేకువనే ఆడవాళ్లు బుట్టలతో ఇప్పచెట్ల కిందికి వెళ్తారు. రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, వేయించి తింటారు, సారా కాస్తారు, అమ్ముకుంటారు. ఇప్ప పలుకు నుంచి వంటనూనె వస్తుంది. సర్కారు కళ్లకు చాలాకాలం ఇందులో సారా ఒక్కటే కనిపించడం పెద్ద అన్యాయం.

ఇప్పుడు పర్యాటకులు అడిగేది బొంగు చికెన్. పచ్చి బొంగులో ఉప్పు, కారం, పసుపు పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె ఉండదు. బొంగులోని తడే ముక్కను ఉడికిస్తుంది. మారేడుమిల్లి దారి పొడవునా అది మంచి వ్యాపారం, కొన్ని ఇళ్లకు అన్నం పెడుతోంది కూడా. కానీ కొండ వంట అంటే అదొక్కటే అనుకుంటే జావనూ అంబలినీ మరిచిపోయినట్టే. గూడెంలో కోడి పండుగకో చుట్టానికో కోసేది, రోజూ పొయ్యి మీద ఉడికింది గింజా దుంపా. చిరుధాన్యాల విషయంలో కొంత మంచి జరుగుతోంది. భద్రాచలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) శిక్షణతో ఆదివాసీ మహిళలు చేస్తున్న మిల్లెట్ బిస్కెట్ల గురించి 2025 జూన్‌లో ప్రధాని రేడియో ప్రసంగంలోనూ ప్రస్తావన వచ్చింది.

గింజ ఉండాలంటే నేల ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక, 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇచ్చింది. గట్టుకు అవతల వేలేరుపాడు, కుక్కునూరు మండలాల పల్లెలు పోలవరం ప్రాజెక్టు ముంపులోకి వెళ్తున్నాయి. హైమన్‌డార్ఫ్ చూసిన కోయిద కూడా ఆ వేలేరుపాడు మండలంలోదే. పునరావాస కాలనీలో ఇల్లు కట్టివ్వగలరు గానీ, ఏళ్లు పడితే గానీ గెల వేయని జీలుగును ఇవ్వలేరు.

అందుకే ఇక్కడ వంటల యాత్రలు తలపెట్టేవారికి ఒక విన్నపం. హోటల్లో కాదు, గూడెంలో తినండి. 1996 పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ విస్తరణ) చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కును గ్రామసభకూ పంచాయతీలకూ ఇచ్చింది. ఆ సభను అడిగి, వారి పండుగల కాలం చూసుకుని వెళ్లండి. వండిన ఆడవాళ్లకు కూలి కాదు, వంటకు తగ్గ ధర చెల్లించండి. ముంపు ఊళ్లలో జీలుగు పిండి తీయడం తెలిసిన పెద్దలు ఇంకా ఉండగానే, వారి మాటల్లోనే ఆ పద్ధతిని రాయించి పెట్టండి.