ఏడు గొట్టాల తన్ను

రాత్రి పదకొండు దాటినా ఢిల్లీ కట్వారియా సరాయ్ సందులు మేలుకునే ఉన్నాయి. జిరాక్స్ షాపులో గేట్ పరీక్ష నోట్సు ఇంకా బైండింగ్ అవుతోంది. తలమీద చిక్కుపడ్డ కరెంటు వైర్లను తప్పించుకుని, ఇరుకు మెట్లెక్కి మూడో అంతస్తు గదిలోకి రండి. మెకానికల్ చదివిన ముగ్గురు తెలుగు కుర్రాళ్లున్నారక్కడ. మొమెంటమ్ లెక్కలతో విసిగి, వరంగల్ అన్న వైట్‌బోర్డు మీద వింత తుపాకి గీస్తున్నాడు: నడుమ ఒక గొట్టం, చుట్టూ ఆరు.

“నాక్ వాలీ గన్. 1779ల జేమ్స్ విల్సన్ ఆలోచన. బ్రిటిష్ నౌకాదళం కోసం లండన్‌ల హెన్రీ నాక్ తయారుచేసిండు. చెకుముకి రవ్వ ముందు నడిమి గొట్టానికి అంటుకుంటది, అక్కడినుంచి ఆరింటికీ పాకుతది. ట్రిగ్గర్ ఒక్కటే, గుండ్లు ఏడు.”

“అదిరిపోయిందన్నా!” అంటాడు గుంటూరు తమ్ముడు.

“భుజం గూడ అదురుతది. లెక్క చెయ్ రా.”

మార్కర్ చేతులు మారుతుంది. గుండు పది గ్రాములు, వేగం సెకనుకు 400 మీటర్లు, తుపాకి ఆరు కిలోలు అనుకుంటారు. ఏడు గుండ్లూ ఒకేసారి దూసుకెళ్తే ఆ ఆరు కిలోల ఇనుము గంటకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది; రికాయిల్ అంటే ఇదే. మందు బరువు ఇంకా కలపనేలేదు.

ఇప్పుడు మీరే ఆ తుపాకి పట్టిన నావికుడు. ఊగుతున్న ఓడలో, తెరచాపల నడుమ ఎత్తున నిలబడి కిందున్న శత్రువుల మీదికి పేల్చారు. ఎముక విరగొచ్చు. గొట్టాల మంట మీ తెరచాపకే అంటుకోవచ్చు. మళ్లీ నింపాలంటే ఏడుసార్లు మందు, ఏడుసార్లు గుండు, ఏడుసార్లు కూరడం. అవతలివాడు అంతదాకా ఆగుతాడా?

“అక్బర్ కాలంలోనే ఒక్క వత్తితో 17 తుపాకులు పేలే ఏర్పాటుందని ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు కదన్నా,” అంటాడు మూడోవాడు, సివిల్స్‌కీ చదువుతున్న ధీమాతో. “అసలు భుజానికి పనే లేకుండా చేస్తే?”

“చేసిండు, 1718లనే. జేమ్స్ పకిల్, లండన్ లాయరు. మూడుకాళ్ల స్టాండు, తిరిగే సిలిండరు. 1722ల వానలో పరీక్షపెడితే ఏడు నిమిషాల్ల 63 సార్లు పేలింది.”

“మరింకేం!”

“చెకుముకిని నమ్మలేం, భాగాలు చెయ్యడం కష్టం. సైన్యం కొనలే. పేటెంట్‌ల క్రైస్తవులకు గుండ్రటి గుండ్లు, తుర్కులకు నలుచదరపువి అని మాత్రం మస్తుగ రాసుకుండు. ఈ తుపాకితోని దెబ్బతిన్నది వాటాలు కొన్నోళ్లే అని అప్పట్ల పత్రికోళ్లు నవ్విన్రు.”

“అంటే రికాయిల్ ఇన్వెస్టర్‌కి తగిలిందన్నమాట,” అంటూ గుంటూరు తమ్ముడు బోర్డు తుడుస్తాడు.