పాము పక్షిని తింటే సాలీడుకి పండగ

గువామ్ అడవుల్లో తిరిగే శాస్త్రవేత్తలు వానాకాలంలో చేతిలో ఓ కర్ర పట్టుకుని, మొహం ముందు ఊపుకుంటూ నడుస్తారట. పాముల కోసం కాదండోయ్.. సాలెగూళ్ళు మొహానికి చుట్టుకోకుండా!

పసిఫిక్‌లో 540 చదరపు కిలోమీటర్లు ఉండే దీవి ఇది, అమెరికా అధీనంలో ఉంది. హాల్డ్రే రోజర్స్ అనే పరిశోధకురాలి బృందం ఇక్కడా, దగ్గర్లోని రోటా, టినియన్, సైపాన్ దీవుల్లోనూ సాలెగూళ్ళు లెక్కపెట్టి 2012లో ఆ లెక్క ప్రచురించింది. ఎండాకాలంలో గువామ్‌లో రెండింతల పైచిలుకు. వానాకాలంలో ఏకంగా 40 రెట్లు! దాదాపు అదే వాతావరణం, అలాంటి అడవులే. పెద్ద తేడా ఒకటే.. గువామ్ అడవిలో పిట్టలు లేవు.

కథ రెండో ప్రపంచయుద్ధం దగ్గర మొదలవుతుంది. 1941 డిసెంబర్లో జపాన్ ఈ దీవిని పట్టుకుంది, 1944లో అమెరికా మళ్ళీ లాక్కుంది. యుద్ధం అయ్యాక న్యూగినీకి ఉత్తరాన ఉన్న మానస్ దీవి నుంచి సైనిక సామాన్లతో పాటు గోధుమరంగు చెట్టుపాము కూడా దిగింది. 1950కి కాస్త అటూ ఇటూగా. అంతవరకూ అక్కడున్నది వానపాములాంటి గుడ్డిపాము ఒక్కటే. చెట్టెక్కి గూట్లో గుడ్లు మింగే జీవి ఒకటుంటుందని అక్కడి పిట్టలకి తెలీదు పాపం.

1960ల్లో దక్షిణాన పిట్టలు తగ్గడం మొదలైంది, ఆ తగ్గుదల మెల్లగా ఉత్తరానికి పాకింది. అందరూ అనుమానించింది పురుగుమందుల్ని, ఏదో రోగాన్ని. పామేంటి, దీవినంతా ఖాళీ చెయ్యడమేంటి అన్నారు. నాకు బాగా నచ్చింది జూలీ శావిడ్జ్ చేసిన డీబగ్గింగ్. రోగం ఆధారాలు వెతికింది, దొరకలేదు. పాము ఏ ఏడు ఎక్కడికి పాకిందో, పిట్టలు ఏ ఏడు ఎక్కడ మాయమయ్యాయో పక్కపక్కన పెట్టి చూసింది. ఎరగా పిట్టల్ని పెట్టి చూస్తే పాములు వచ్చి మింగాయి. 1987లో అది అచ్చయ్యేసరికే ఆలస్యమైపోయింది. అడవి పక్షుల్లో 12 రకాలకి చివరికి 10 పోయాయి.

సాలీళ్ళని తినేవీ పిట్టలే, సాలీళ్ళు తినే పురుగుల్ని తినేవీ పిట్టలే. రెండు వైపులా అడ్డు తొలిగింది. (మన శ్రీకాళహస్తి పేరులో సాలీడూ పామూ పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ పాము సాలీడుకి తెలీకుండానే సేవ చేసింది!) ఆ 40 రెట్లకీ పిట్టలొక్కటే కారణమని కొలిచి చూపించడం మాత్రం కష్టం, ఎందుకంటే పాత గువామ్ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. పక్క దీవులతో పోల్చుకోవడమే గతి. పాడవక ముందు సాలెగూళ్ళని లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

పాముని చంపే మందు భలే చిత్రమైంది: పారాసిటమాల్. 80 మిల్లీగ్రాములు చాలు, మనం జ్వరానికి వేసుకునే 500 బిళ్ళలో ఆరో వంతు కూడా కాదు. 2013లో ఆ మందు పెట్టిన చచ్చిన ఎలుకల్ని హెలికాప్టర్ల నుంచి చిన్న కాగితపు పారాచూట్లతో అడవి మీదకి వదిలారు. చెట్లకి చిక్కుకుంటేనే పాము తింటుందని ఆ ఏర్పాటు. అయినా పాములు పూర్తిగా పోలేదు.

సిహెక్ అని గువామ్‌కే చెందిన ఓ లకుముకి పిట్ట ఉంది. 1980ల్లో చివరి కొన్నింటిని పట్టి జూల్లో పెంచారు. వాటి సంతానంలో 9 పిట్టల్ని 2024లో స్వేచ్ఛగా వదిలారు.. గువామ్‌లో కాదు, వేల కిలోమీటర్ల అవతల, పాములు లేని పాల్మైరా అనే పగడపు దీవిలో.