పాదాల ఆర్థరైటిస్

చీలమండ మొదలుకొని కాలివేళ్ల కొసల దాకా ఉన్న కీళ్లలో అరుగుదల వల్లనో, వాపు వల్లనో, రక్తంలోని ఆమ్లం స్ఫటికాలుగా పేరుకోవడం వల్లనో వచ్చే జబ్బులన్నిటికీ కలిపి పాదాల ఆర్థరైటిస్ అని పేరు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు, వందకు పైగా లిగమెంట్లు ఉంటాయి. ఒంటి బరువంతా మోసేవి ఇవే. అయినా కీళ్లనొప్పులు అనగానే రోగి చూపించేదీ, డాక్టరు చూసేదీ ముందు మోకాళ్లనే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఏ మేరకు అదుపులో ఉందో తేల్చడానికి చాలా దేశాల్లో వాడే ‘డాస్-28’ లెక్కనే తీసుకుంటే, అందులో 28 కీళ్లను నొక్కి చూస్తారు. వాటిలో చీలమండ లేదు, పాదం లేదు. అరికాలు నేలకు ఆనించలేని మనిషికి కూడా కాగితం మీద జబ్బు తగ్గినట్టే కనబడవచ్చు.

నొప్పి ఒకటే అయినా దాని వెనకున్న జబ్బు ఒకటి కాదు. అందుకే పక్కింటివారికి పనిచేసిన మందు మనకు పనిచేయకపోవచ్చు.

అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్, పాదంలో ఎక్కువగా పట్టుకునేది బొటనవేలి మొదట్లో ఉన్న కీలును. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు ఆ కీలు సుమారు 60 డిగ్రీల దాకా పైకి వంగాలి. మృదులాస్థి అరిగి, కీలు పైభాగాన ఎముక ముడి కట్టాక అది వంగదు. మెట్లెక్కినా, మునివేళ్ల మీద నిలబడి అటక మీది డబ్బా అందుకోబోయినా ప్రాణం విలవిల్లాడుతుంది. చీలమండది వేరే కథ. మోకాలిలా వయసుతో పాటు అరిగిపోవడం అక్కడ తక్కువ. చాలామందిలో ఎప్పుడో బైకు మీంచి పడి విరిగిన ఎముకో, మళ్లీ మళ్లీ బెణికిన చీలమండో ఏళ్ల తర్వాత ఆర్థరైటిస్‌గా తిరిగొస్తుంది.

రుమటాయిడ్ తీరు ఇంకొకటి. ఇందులో శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద దాడి చేస్తుంది. తరచు రెండు పాదాల్లోనూ, వేళ్ల మొదళ్లలో వాపు మొదలవుతుంది. గులకరాళ్ల మీద నడిచినట్టుందని రోగులు చెబుతారు. పొద్దున లేవగానే పట్టేసిన కీళ్లు అరుగుదల జబ్బులో అరగంటలోపే వదులవుతాయి. రుమటాయిడ్‌లో గంట దాటినా వదలకపోవచ్చు. వేళ్ల మొదళ్లను రెండు పక్కల నుంచి కలిపి నొక్కితే నొప్పి పుట్టడం మరో గుర్తు. మెట్టెలు పెట్టుకునే స్త్రీలకు ఇంట్లోనే తెలిసే సూచన ఒకటుంది: నిన్నటిదాకా వదులుగా తిరిగిన మెట్టె బిగుసుకుపోవడం. అప్పుడే తీసేయడం మంచిది. వాపు ముదిరాక కత్తిరించి తీయాల్సి వస్తుంది.

ఈ జబ్బుకు ఇవాళ మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, అక్కడి శాస్త్రవేత్తలు క్యాన్సర్ కోసం తయారుచేసిన మందు ఇది. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. చిన్న మోతాదులో అది కీళ్లవాపును అణుస్తుందని అమెరికా ఔషధ సంస్థ 1988లో అధికారికంగా ఒప్పుకునేసరికి నలభై ఏళ్లు గడిచిపోయాయి. ఒక్క హెచ్చరిక: దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకునే మాత్ర అనుకుని పొరబడితే ప్రాణాల మీదికి వస్తుంది. గర్భిణులు వాడకూడదు. కాలేయానికీ, రక్తానికీ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి.

గౌట్ చెప్పాపెట్టకుండా వస్తుంది. రాత్రి నిక్షేపంగా పడుకున్న మనిషి తెల్లవారుజామున బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక లేస్తాడు. జేమ్స్ గిల్‌రే అనే బ్రిటిష్ వ్యంగ్య చిత్రకారుడు 1799లో వేసిన బొమ్మలో ఓ నల్లటి బుల్లి దయ్యం సరిగ్గా ఆ కీలులోనే పళ్లు దించుతూ ఉంటుంది. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది స్ఫటికాలుగా మారే అవకాశం ఏర్పడుతుంది. పాదాలు ఒంట్లో చల్లగా ఉండే భాగాలు కాబట్టి అక్కడ మరీను. విచిత్రమేమంటే నొప్పి ఉధృతంగా ఉన్న రోజున చేసిన రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. ఆ ఒక్క కాగితం చూసి గౌట్ కాదని కొట్టేయకూడదు. కీలులోంచి నీరు తీసి సూక్ష్మదర్శినిలో సూదుల్లాంటి స్ఫటికాలను చూడటమే నికరమైన పరీక్ష.

గౌట్ అనగానే మన ఇళ్లలో ముందు ఆగిపోయేది పప్పు. తర్వాత పాలకూర, టమాటా. పాపం, వీటి తప్పేమీ లేదు. ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఎక్కువున్నా పప్పులూ కూరగాయలూ గౌట్ ముప్పును పెంచలేదని పెద్ద అధ్యయనాల్లో తేలింది. తగ్గించాల్సినవి మేక కాలేయం లాంటివి, వేటమాంసం, రొయ్యలు, బీరు, తీపి కూల్‌డ్రింకులు. అయితే పథ్యం ఒక్కదానితో యూరిక్ యాసిడ్ దిగేది కొంతే. పదేపదే వచ్చేవారికి అలోప్యూరినాల్ లాంటి మందుతో దాన్ని 6 కంటే దిగువన నిలపాలి. ఈ మందును తయారుచేసిన గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988 వైద్య నోబెల్ అందుకున్నవారిలో ఉన్నారు. నొప్పి తగ్గిందని నడుమనే మానేస్తే స్ఫటికాలు మళ్లీ పేరుకుంటాయి. అలాగే ‘వాతం చేస్తాయ’ని వంకాయ, బంగాళాదుంప మానేసినంత మాత్రాన కీళ్లనొప్పులు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు.

పాదాల కీళ్లను పట్టేవి ఇంకా ఉన్నాయి. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌నూ, కర్ణాటకనూ, మహారాష్ట్రనూ చికున్‌గున్యా ముంచెత్తినప్పుడు ఊళ్లకు ఊళ్లే మంచాన పడ్డాయి. జ్వరం వారంలో పోయింది. చీలమండల్లో, వేళ్లలో నొప్పి మాత్రం కొందరిని నెలలు, మరికొందరిని ఏళ్ల తరబడి వదల్లేదు. సోరియాసిస్ చర్మవ్యాధి ఉన్నవారిలో ఒక కాలివేలు మొదలు నుంచి కొస దాకా ఉబ్బడం, మడమ వెనక నరం పట్టినట్టుండటం కూడా ఆర్థరైటిసే. మధుమేహం ఉన్నవారి పాదం ఎర్రగా, వెచ్చగా వాచి, నొప్పి అంతగా లేకపోతే అది ఇంకా ప్రమాదం. ‘షార్కో పాదం’ అనే ఈ స్థితిలో ఎముకలు లోలోపల కుప్పకూలుతాయి. అడుగు మోపకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మందు ఏదైనా, దానికి తోడుగా పాదానికి కావలసిన చికిత్స చెప్పుల అంగడిలోనే ఉంది. రబ్బరు హవాయి చెప్పులు జారిపోకుండా వేళ్లతో బిగబట్టి నడవాలి. వాచిన కీళ్లకు అది శిక్షే. వెనక పట్టీ ఉండి, ముందు భాగం వెడల్పుగా, మడమ ఎత్తు తక్కువగా ఉన్న సాండల్ మేలు. వేళ్ల మొదళ్లలో నొప్పి ఉన్నవారికి మెత్తని అడుగు హాయి. ఆసుపత్రుల్లో దొరికే ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు అందుకు పనికొస్తాయి. బొటనవేలి కీలు అరిగినవారికి మాత్రం ఉల్టా: అడుగు గట్టిగా, వంగకుండా ఉండి, ముందు వైపు కాస్త పైకి తేలి ఉండాలి. మెత్తగా ఉంటే చాలు మంచిదనుకుని వీరు కొనే చెప్పులే నొప్పి పెంచుతాయి. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లాలి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి.

మన ఇళ్లలో గ్రానైటు, మార్బుల్ వచ్చాక నేల మరింత గట్టిపడింది, ఇంట్లో చెప్పులు వేసుకోని అలవాటు మాత్రం అలాగే ఉంది. ఇంట్లోకి మాత్రమే వాడే జత ఒకటి పెట్టుకుంటే మడికీ ఇబ్బంది లేదు, కాలికీ లేదు. అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ఒట్టి కాళ్లతో చేయాలనుకునే తెలుగు భక్తులు ఎందరో. వాపు ఎగదన్ని ఉన్న రోజుల్లో దాన్ని వాయిదా వేసుకోవడమే నయం.

పొద్దుటి బిగువుకు గోరువెచ్చని నీళ్లు, ఎర్రగా వాచిన కీలుకు చల్లని కాపడం. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు నీళ్ల వేడిని చేతితో చూసుకోవాలి, లేదా ఇంకొకరితో చూపించుకోవాలి. పిక్కలను సాగదీయడం, కాలివేళ్లతో తుండుగుడ్డను దగ్గరికి లాగడం లాంటి చిన్న వ్యాయామాలు కండరాలను నిలబెడతాయి. నడక బాధిస్తే సైకిలో, ఈతో. నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పూత మందుకు ఆ ముప్పు తక్కువ. ఒక్క పూటలో నొప్పి మాయం చేసే పేరులేని పొడులను అసలు నమ్మకూడదు, అలాంటివాటిలో స్టెరాయిడ్లు కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. ఇవన్నీ చేసినా లొంగని నొప్పికి ఆపరేషన్ ఉంది: బొటనవేలి కీలును కదలకుండా అతికించేయడం, చీలమండనైతే అతికించడం లేదా కృత్రిమ కీలు పెట్టడం. కదలిక పోతుందని భయపడతారు గానీ, బాధ పోయాక బొటనవేలు అతికించినవారిలో చాలామంది మునుపటికంటే బాగా నడుస్తారు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అడగకపోయినా చెప్పులు విప్పి పాదాలు చూపించండి, రోజూ వేసుకునే జతను కూడా.