ఎయిజోకెన్ (మాంగా)

'ఎయిజోకెన్ ని వ తె ఓ దసు న!' జపాన్‌కు చెందిన సుమితో ఓవరా రాసి, గీసిన మాంగా. షోగకుకాన్ ప్రచురించే 'గెక్కన్! స్పిరిట్స్' మాసపత్రికలో 2016లో ధారావాహికగా మొదలైంది. సొంతంగా యానిమే తీయాలని పూనుకున్న ముగ్గురు హైస్కూలు అమ్మాయిల కథ ఇది. ఎయిజోకెన్ అన్నది వాళ్ల క్లబ్బు పేరు.

కథ

కాలువలు, వంతెనలు, అడ్డదిడ్డంగా పెరిగిన కట్టడాల మధ్య ఉంటుంది షిబాహమా హైస్కూలు. అక్కడ చదివే మిదోరి అసాకుసాకు కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు. నోట్‌బుక్కు తెరిస్తే మాత్రం వింత యంత్రాలు, ఊళ్లు పుట్టుకొస్తాయి. మోడల్‌గా పేరున్న త్సుబామె మిజుసాకికి మనుషుల కదలికలను గీయడమే లోకం. నటులైన తల్లిదండ్రులు ఆమెను యానిమే క్లబ్బులో చేరనివ్వరు. దాంతో సినిమాల క్లబ్బు అని చెప్పి అమ్మాయిలు వేరు కుంపటి పెడతారు. మూడో అమ్మాయి సయాకా కనామొరికి యానిమే పిచ్చి లేదు, డబ్బు లెక్క మాత్రం బాగా తెలుసు. విద్యార్థి సంఘంతో బేరాలు, గడువులు, ఖర్చులు ఆమె చూసుకుంటుంది.

ఊహాలోకం

ఈ కథలో మంత్రాలు, మాయద్వారాలు లేవు. అసాకుసా గీసిన యంత్రం, మిజుసాకి గీసిన మనిషి ఒకే బొమ్మలో కలిసినప్పుడు ముగ్గురూ ఊహలోనే అందులోకి అడుగుపెట్టి, తూనీగలాంటి విమానమెక్కి ఎగిరిపోతారు. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తేల్చుకోవడం కూడా ఆ సాహసంలో భాగమే. భాగాల పేర్లు, వివరణలు రాసిన యంత్రాల నమూనాలు కథ మధ్యలో రెండేసి పేజీల నిండా పరుచుకుంటాయి. ఓవరా సంభాషణల బుడగలను కూడా దృశ్యకోణానికి తగ్గట్టు వాల్చి గీస్తాడు. బుడగలు గది లోపలికి వెళ్లేకొద్దీ వాటిలోని అక్షరాలూ చిన్నవవుతాయి.

ఇతర రూపాలు

మసాకి యువాసా దర్శకత్వంలో సైన్స్ సారు స్టూడియో తీసిన 12 భాగాల యానిమే 2020 జనవరి నుంచి మార్చి వరకు ఎన్‌హెచ్‌కేలో ప్రసారమైంది. ఊహాదృశ్యాలు రాగానే బొమ్మలు నీటిరంగుల చిత్తుప్రతుల్లా మారిపోతాయి. ఇంజిన్ల హోరు, పేలుళ్ల మోత నటీమణుల నోటి నుంచే వినిపిస్తాయి, పిల్లలు ఆటలో చేసే చప్పుళ్లలాగే. జపాన్ మీడియా ఆర్ట్స్ ఫెస్టివల్ 24వ పోటీలో యానిమేషన్ విభాగపు అత్యున్నత బహుమతి ఈ సిరీస్‌కే దక్కింది. అప్పట్లో నోగిజాకా46 గాయనీ బృందంలో ఉన్న అసుకా సైతో, మిజుకి యమాషితా, మినామి ఉమెజావా ముఖ్యపాత్రలు పోషించిన టీవీ ధారావాహిక, సినిమా కూడా 2020లోనే వచ్చాయి. మాంగా ఇంగ్లీషు అనువాదాన్ని డార్క్ హార్స్ ప్రచురిస్తోంది.