యాసే ఆస్తిగా ఎదిగిన నటుడు

జయప్రకాశ్ రెడ్డి 1946లో కర్నూలు జిల్లా సిరివెళ్లలో పుట్టారు. గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ నాటకాలు ఆడారు. 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో వెండితెరకు వచ్చినా, పేరు రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999) చిత్రాల్లో సీమ యాసతో ప్రతినాయకుడిగా భయపెట్టారు. తర్వాత 'ఢీ', 'రెడీ' వంటి చిత్రాల్లో అదే గొంతుతో నవ్వించారు. 'అలెగ్జాండర్' నాటకాన్ని వేదికపై ఒక్కరే నడిపించారు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులోనే కన్నుమూశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మిర్చి కోతలకూ పత్తి తీతకూ వెళ్లే మన ఇళ్ల పిల్లలు బడిలో గోర్‌బోలీ, ఎరుకల మాటా పలకడానికి సిగ్గుపడుతున్నారు. ఆయనకు అన్నం పెట్టింది సొంతగడ్డ మాటే. మన మాటను ఇంట్లో నిలుపుకుందాం, వేదిక దొరికితే అక్కడా వినిపిద్దాం.